పెద్దమ్మ చేతిలోంచి తీసుకున్న కర్ర

ఢిల్లీలో ఉన్న ఆ ఏళ్లలో నాకు తెలుగు పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఉండేది. మిగతా రోజంతా ఉండేది కాదు. మావారు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఎనిమిదింపావుకి ఆఫీసు బస్సెక్కితే మళ్లీ చీకటిపడ్డాకే ఇల్లు చేరేవారు. వచ్చాక కూడా ఆయన నోట్లో ఫైళ్లే నానుతూ ఉండేవి. ఏదైనా అడిగితే "ఊఁ" అనేవారు, అది ఏ భాషకీ చెందదు. మా అమ్మాయి రెండో తరగతి. నేను తెలుగులో పిలిస్తే హిందీలో పలికేది. "అన్నం తిందువుగాని రావే" అంటే "భూఖ్ నహీ హై" అని లోపల్నుంచి అరిచేది. ఆకలి లేదన్న మాట కూడా సొంత కూతురి దగ్గర పరాయి భాషలో వినాల్సి రావడం ఎలా ఉంటుందో, పడ్డవాళ్లకే తెలుస్తుంది.

సరోజినీ నగర్లో మా గవర్నమెంటు క్వార్టర్ల మధ్య ఒక పార్కు ఉండేది. పార్కంటే పెద్దగా ఏమీ లేదు, చతురస్రంగా గడ్డి, చుట్టూ నడవడానికి ఇటుకల బాట, నేరేడు చెట్టు కింద ఒక సిమెంటు బెంచీ. చలికాలంలో కాలనీ ఆడవాళ్లంతా ఎండకోసం గడ్డిలో చాపలు పరుచుకుని స్వెటర్లు అల్లుతూ కూర్చునేవాళ్లు. నాకు అల్లిక రాదు. హిందీ వచ్చు కానీ చిన్నప్పుడు పరీక్షలకి చదివిన హిందీ, అందులో జోకులుండవు. వాళ్లు నవ్వాక ఒక క్షణం ఆగి నేను నవ్వేదాన్ని. అది వాళ్లకీ తెలిసిపోయేది. కొన్నాళ్లకి చాపల వైపు వెళ్లడం మానేసి బెంచీ మీద ఒక్కదాన్నీ కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

ఒకరోజు ఆ బెంచీ మీద నాకంటే ముందే ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ముతక చీర, దాని మీద రెండు స్వెటర్లు, తలకి మగవాళ్లు పెట్టుకునే మంకీ క్యాపు. ఒళ్లో రాలిన నేరేడు ఆకులు పోగేసుకుని, బొటనవేలి గోరుతో ఒక్కొక్క ఆకునీ అంచులు గిల్లి, అన్నీ ఒకే కొలతకి తెస్తోంది. పక్కన ఒక వెదురు కర్ర ఆనించి ఉంది. నేను చూస్తున్నానని గమనించి, ఎవరితోనూ కాకుండా తనలో తనే "ఏం జేస్త, చేతులు ఊకుంటలేవు" అంది.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నిజం చెబుతున్నాను. "మీరు తెలుగువాళ్లాండీ?" అని నేనడిగిన తీరుకి ఆవిడ కిసుక్కున నవ్వింది. "అండీ ఏంది బిడ్డా, నేనేమన్న తాసిల్దారునా?" అంది.

ఆవిడది కరీంనగర్ దగ్గర పల్లె. నలభై ఏళ్లు బీడీలు చుట్టి పిల్లల్ని పెంచింది. అందుకే ఆ వేళ్లు ఏ ఆకు దొరికినా కత్తిరించేవి. కొడుకు ఏదో ఆఫీసులో క్లర్కు, కోడలికీ ఉద్యోగం. వాళ్లిద్దరూ పొద్దున్నే తాళం చెవి ఈవిడ కొంగుకి ముడివేసి వెళ్లిపోయేవాళ్లు. నాది కాకినాడ. మా ఊళ్లో అయితే ఆవిడా నేనూ ఒకరికొకరం ఎదురుపడే వీలే ఉండేది కాదు. ఇక్కడ మాత్రం ఆవిడని పెద్దమ్మా అని పిలవడానికి నాకు రెండోరోజు దాకా కూడా ఆగబుద్ధి కాలేదు.

మేం ఏం మాట్లాడుకునేవాళ్లమని ఎవరైనా అడిగితే చెప్పడానికేమీ లేదు. చింతచిగురు ఇక్కడ ఎందుకు దొరకదు, మార్కెట్లో గోంగూర అని ఇచ్చింది నిజంగా ఏ ఆకు, కోడలు అన్నం ఎందుకు వార్చదు, నేను పులుసులో బెల్లం ఎందుకు వేస్తాను. నా మాటలకి ఆవిడ నవ్వేది, ఆవిడ మాటలకి నేను నవ్వేదాన్ని, అదీ ఎక్కడ నవ్వాలో అక్కడే. ఆ గంట కోసం ముందురోజే కూరలు తరిగిపెట్టుకునేదాన్ని. తొమ్మిదిన్నరకి ఆవిడ కర్ర పుచ్చుకుని లేస్తుంటే "ఇంకాసేపు కూర్చోండి" అని చిన్నపిల్లలా బతిమాలేదాన్ని.

ఇక కుక్క సంగతి.

కుక్కలంటే నాకు కోపం లేదు. మా పుట్టింట్లో కూడా ఒకటి ఉండేది. కుక్కని వదిలేసి గొలుసుని షికారు తిప్పే మనుషులంటేనే నాకు ఒళ్లు మంట. మా పార్కుకి సరిగ్గా అలాంటి పెద్దమనిషి ఒకాయన వచ్చేవాడు. రోడ్డుకి అవతల పెద్ద క్వార్టర్లలో ఉండేవాడు. గేటు దాటగానే తన ఆల్సేషియన్ మెడలోంచి గొలుసు ఊడదీసి, ఆ గొలుసుని తన చేతికి చుట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని గుండ్రంగా నడిచేవాడు. కుక్క గుండ్రంగా నడవదు కదా. చాపల మీదికి పోయేది, ఊలు ఉండలు నోట కరుచుకుని లాక్కుపోయేది, పిల్లల చేతుల్లో బిస్కట్లు ఎగరేసుకుపోయేది. ఎవరైనా కెవ్వుమంటే ఆయన అక్కడెక్కడో ఆగి, తల కూడా పూర్తిగా తిప్పకుండా, "కుఛ్ నహీ కరేగా" అనేవాడు. ఏమీ చెయ్యదట! అది ఏం చేస్తున్నా ఏమీ చెయ్యదనే అనేవాడు.

చాపలవాళ్లు గొణుక్కుంటూ కొంచెం కొంచెంగా జరిగి పార్కు మూలకి చేరారు. మా బెంచీ జరగదు. పెద్దమ్మకి కుక్కంటే ప్రాణం మీదికొచ్చేది. బీడీల గంప నెత్తిన పెట్టుకుని కంపెనీకి పోయే దారిలో చిన్నప్పుడు ఒకటి పిక్క పట్టుకుందట. అందుకే ఊరి నుంచి రైల్లో అంతదూరం ఆ వెదురు కర్ర తెచ్చుకుంది. ఆల్సేషియన్ దగ్గరికొస్తే కర్ర ఎత్తేది కాదు, నేలమీద టక్ టక్ అని రెండుసార్లు కొట్టేది. అది కాసేపు తల వంచి చూసి వెళ్లిపోయేది. ఆవిడ నా వైపు తిరిగి, "దాన్ని ఇక్కడోళ్లు కుత్తా అంటరు గద? గా ముక్క నేర్చిన" అని గర్వంగా చెప్పేది.

ఒకసారి నేనే ధైర్యం చేసి ఆయన్ని ఆపి, "గొలుసు వేస్తే బాగుంటుంది, పెద్దావిడ భయపడుతున్నారు" అన్నాను. ఆయన మర్యాదగానే నవ్వాడు. మీ సౌత్ వాళ్లకి కుక్కలు అలవాటు లేదు, అన్నాడు. ఆ తర్వాత నా ముఖం పరకాయించి చూసి, మీరు ఫలానా వారి మిసెస్ కదూ, అని మావారి పేరు చెప్పాడు.

ఆ సాయంత్రం మావారికి చెబితే చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ కుక్క సాహెబు మావారికి ఏడాదికొకసారి కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసే అధికారి. ఆ రిపోర్టులో ఏముందో రాయించుకున్నవాడికి చూపించరు. ప్రమోషన్ రావాలన్నా పోవాలన్నా అందులో రెండు వాక్యాలు చాలు. అప్పుడు జనవరి. మార్చి దాటితే రిపోర్టులు రాస్తారు. "రెండు నెలలు ఆ పార్కుకి వెళ్లకపోతే నీకేమన్నా నష్టమా?" అన్నారు. నష్టం ఏమిటో ఆయనకి చెప్పడానికి నాకు మాట దొరకలేదు. పదేళ్ల కాపురంలో ఆ మాట దొరకని రోజులు చాలానే ఉన్నాయి.

పార్కు మానలేదు. కానీ సాహెబు కనబడితే లేచి నిలబడి నమస్తే చెప్పడం మొదలుపెట్టాను. పెద్దమ్మ అది చూసేది.

ఆ రోజు పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. గడ్డంతా తడి. పెద్దమ్మ బెంచీ దగ్గర నిలబడే ఉంది, కూర్చుంటే సిమెంటు చల్లగా తగులుతుందని. కుక్క మంచులోంచి ఒక్కసారిగా వచ్చింది. పెద్దమ్మ కర్రతో నేలమీద కొట్టింది. ఈసారి అది పోలేదు. కొంచెం దూరంలో ఆగి మొరగడం మొదలుపెట్టింది. ఆవిడ ఇంకా గట్టిగా కొట్టింది. సాహెబు గబగబా వచ్చాడు. కుక్కని పట్టుకుంటాడేమో అనుకున్నాను. పట్టుకోలేదు. నా వైపు తిరిగి, ఆవిడని కర్ర పారెయ్యమనండి, కర్ర చూసే అది రెచ్చిపోతోంది, కర్ర లేకపోతే ఏమీ చెయ్యదు, అన్నాడు.

నేను "పెద్దమ్మా, ఆ కర్ర ఇలా ఇవ్వండి" అన్నాను.

"ఇయ్య" అంది ఆవిడ.

"ఆయన చెబుతున్నారు కదా, ఏం చెయ్యదట. ఇవ్వండి." అంటూనే చెయ్యి చాచి కర్ర పట్టుకుని లాగేసుకున్నాను. ఆవిడ పిడికిలి ఎంత గట్టిగా బిగించి ఉందో నా చేతికి తెలిసింది. అయినా లాగాను. సాహెబు చూస్తున్నాడు కాబట్టి కాస్త నవ్వుమొహం కూడా పెట్టాను.

కుక్క కరవలేదు, ఆ మాట చెప్పాలి. అడ్డు పోయిందని ఆటలాగా ఎగిరి ముందుకాళ్లు రెండూ ఆవిడ గుండెల మీద వేసింది. ఆవిడ వెనక్కి పడింది. పడుతూ చెయ్యి ఆనించింది, మణికట్టు బెంచీ అంచుకి తగిలింది. అరవలేదు. మంకీ క్యాపు ఊడిపోయి నెరిసిన జుట్టు తడిగడ్డి మీద పరుచుకుంది. కర్ర నా చేతిలో ఉంది.

సాహెబు చెడ్డవాడని తేల్చేస్తే సుఖంగా ఉంటుంది కానీ, ఆయన కంగారుపడ్డాడు. కుక్కని ఇంట్లో వదిలి, తనే కారు తీసుకొచ్చి మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారంతా నాతో సర్దిచెబుతూనే ఉన్నాడు. ముసలి ఎముకలు, చలికాలం, తడిగడ్డి, ఎవరైనా జారతారు. పెద్దమ్మ వెనకసీట్లో చెయ్యి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను పక్కనే ఉన్నా నా వైపు చూడలేదు.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడు, కాగితం ముందు పెట్టుకుని ఎలా పడిందని అడిగాడు. పెద్దమ్మకి హిందీ రాదు, డాక్టరుకి తెలుగు రాదు. ఆవిడ మాట అక్కడికి చేరాలంటే నా నోట్లోంచే చేరాలి. సాహెబు నా భుజం పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన ఏమీ అనలేదు, అనాల్సిన అవసరం కూడా లేదు. "తడిగడ్డి మీద జారిపడింది" అని హిందీలో చెప్పాను. పరీక్షల హిందీ కదా, వ్యాకరణం ఎక్కడా తప్పలేదు. డాక్టరు అదే రాసుకున్నాడు.

కట్టు కట్టించి, ఆవిడ కొడుకు ఆఫీసుకి ఫోను చేసి, ఇంటికి చేర్చి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. తలుపు తీస్తుంటే చూసుకున్నాను, కర్ర ఇంకా నా చేతిలోనే ఉంది. అప్పటిదాకా ఎలా మోశానో గుర్తు లేదు. తలుపు వెనక ఆనించి చాలాసేపు వంటింట్లో ఊరికే నిలబడ్డాను.

మర్నాడు పెసరట్లు వేసి పట్టుకెళ్లాను. కర్ర పట్టుకెళ్లలేదు, సిగ్గేసింది. పెద్దమ్మ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ప్లాస్టరు చెయ్యి దిండు మీద ఉంది. వేళ్లు మాత్రం కదులుతున్నాయి.

"డాక్టరు ఏమడిగిండు నిన్న?" అంది, పెసరట్ల వైపు చూడకుండా.

"ఎలా పడ్డారని అడిగాడు పెద్దమ్మా."

"నువ్వేం జెప్పినవ్?"

నేను పెసరట్ల గిన్నె మీద మూత సర్దాను.

"ఈడికొచ్చి ఆర్నెల్లాయె. నాకొచ్చిన హిందీ నాలుగు ముక్కలు. పానీ, చాయ్, చలో, కుత్తా. నువ్వు డాక్టరుతోని మాట్లాడుతుంటే గా నాలుగో ముక్క కోసం చెవులు వెట్టుకొని కూసున్న. నీ నోట్లెకెల్లి రాలే బిడ్డా."

కొట్టినా అంత బాధ ఉండేది కాదు. మావారి ఉద్యోగమనీ, రిపోర్టనీ, మార్చి అనీ ఏదేదో చెప్పబోయాను. ఆవిడ మంచి చెయ్యి అడ్డంగా ఊపింది.

"నాకెరికే. నీ మొగుని నౌకరి నీకుండె. తప్పేం లేదు. కాకపోతే నా దిక్కు మాట్లాడెటందుకు ఈడ నువ్వొక్కదానివే ఉంటివి. కట్టె సుత నువ్వే గుంజుకుంటివి" అంది.

ఆ తర్వాత పెసరట్టు తుంచి నోట్లో పెట్టుకుని ఉప్పు సరిపోయిందని కూడా చెప్పింది. ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఆ తర్వాత పదిరోజులు బెంచీ మీద నేనొక్కదాన్నే. ఇంతకుముందూ ఒక్కదాన్నే కూర్చునేదాన్ని కానీ ఆ ఒంటరితనం వేరు. అది ఎవరో చేసింది, ఇది నేను చేసుకున్నది. సాహెబు మామూలుగా వచ్చేవాడు, గొలుసు మామూలుగా ఆయన చేతికే ఉండేది. ఒకరోజు ఆగి "మాతాజీ ఎలా ఉన్నారు?" అని అడిగాడు. కుక్క వచ్చి నా చీర కుచ్చెళ్లు వాసన చూసింది. "కుఛ్ నహీ కరేగా" అన్నాడు, అదే మాట, అదే గొంతు. ఆ క్షణాన నాకు మార్చి గుర్తు రాలేదు.

ఇంటికి వెళ్లి తెల్లకాగితం తీసి అర్జీ రాశాను. కాలనీ సంఘం అధ్యక్షుడికి. ఫలానా రోజున పార్కులో గొలుసు లేని కుక్క ఒక వృద్ధురాలిని పడేసింది, చెయ్యి విరిగింది, ఇకపై కుక్కలకి గొలుసు తప్పనిసరి చెయ్యాలి. మావారు చదివి ఇంగ్లీషు బాగుందన్నారు. ఆ తర్వాత, ఏ ఆఫీసరు మీద ఫిర్యాదొచ్చినా ముందు ఆ ఆఫీసరు వివరణకే పంపుతారు, అది పద్ధతి, అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, నిజమైన భయం ఉంది. "నీ ఇష్టం" అని లేచి వెళ్లిపోయారు. వద్దనలేదు. దానికి ఈ రోజుకీ ఆయనకి రుణపడి ఉన్నాను.

సంతకాలకి బయల్దేరాను. కింది వాటాలో ఆంటీ, ఊలు ఉండలు పోగొట్టుకున్నవాళ్లలో మొదటిది, కాగితం చూసి సంబరపడిపోయింది. కలం తీసుకుని కాగితం అట్టడుగున, ఇంక చోటు లేనంత కింద సంతకం పెట్టింది. ఇంత కిందెందుకు ఆంటీ అంటే, మా ఆయన క్లర్కు కదా, పైన పెద్దవాళ్లకి చోటుండాలి, అంది. పక్క వాటా ఆవిడ భర్త అసిస్టెంటు. ఆవిడ ఆంటీ సంతకానికి ఒక్క వెంట్రుకవాసి పైన పెట్టింది. ఆ పైవాళ్లు ఇంకో వెంట్రుకవాసి. ప్రతి ఇంట్లోనూ కుక్క మీద గంటసేపు కోపం, ఆ తర్వాత భర్త హోదా బట్టి అంగుళంలో పదోవంతు ఎత్తు. నేనూ తక్కువ తినలేదు, రాసింది నేనే అయినా సెక్షన్ ఆఫీసరు భార్యగా నాకు తగిన ఎత్తు చూసుకుని మరీ పెట్టాను. సాయంత్రానికి తొమ్మిది సంతకాలు అడుగున రెండంగుళాల్లో కిక్కిరిసి ఉన్నాయి, అర్జీకీ వాటికీ మధ్య కాగితమంతా ఖాళీ. పై హోదావాళ్ల ఇళ్లకి వెళ్తే వాళ్లు ఆ ఖాళీ చూసి, ముందు మాకంటే సీనియర్లు పెట్టనివ్వండి, అన్నారు. అలా చూసుకుంటూ పోతే మా పార్కు చుట్టుపక్కల అందరికంటే సీనియరు ఎవరో ఇంటికొచ్చాక తెలిసింది. సాహెబే.

ఆ రాతలన్నీ చింపి పారేద్దామనుకున్నాను. కానీ తలుపు వెనక కర్ర కనబడింది.

మర్నాడు పదకొండింటికి, సాహెబు ఆఫీసుకి వెళ్లాక, రోడ్డు దాటి ఆయన ఇంటి గంట నొక్కాను. ఆయన భార్య తలుపు తీసింది. యాభై ఏళ్లావిడ, చేతికి పిండి అంటుకుని ఉంది. లోపల కుక్క బల్ల కింద పడుకుని ఉంది, ఆవిడ "బైఠ్" అనగానే ఎత్తిన తల మళ్లీ దించేసింది. ఈ ఇంట్లో దానికి మాట వినడం తెలుసన్నమాట. నేను కూర్చోకుండానే కాగితం ఇచ్చాను. ఆవిడ చెయ్యి కడుక్కొచ్చి, కళ్లజోడు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా నిదానంగా చదివింది.

"ఆవిడ జారిపడిందని చెప్పారే ఆయన" అంది హిందీలో.

"ఆసుపత్రిలో నేను కూడా అదే చెప్పాను. అబద్ధం చెప్పాను. కుత్తే నే గిరాయా. కుక్కే పడేసింది. ఆవిడ చేతిలో కర్ర ఉంది, అది నేను తీసేసుకున్నాను."

పది రోజులుగా గొంతులో ఇరుక్కున్న మాట అంత తేలిగ్గా వచ్చేసింది. వచ్చాక, ఆసుపత్రిలో కూడా ఇంతే తేలిగ్గా వచ్చి ఉండేదని తెలిసి ఇంకా బాధేసింది.

ఆవిడ ఏ చెయ్యి అని అడిగింది. కుడిచెయ్యి అన్నాను. వంట ఎవరు చేస్తున్నారని అడిగింది. ఆ తర్వాత కాగితం బల్లమీద పెట్టి, అర్జీ ముగిసిన చోటే, అన్ని సంతకాలకంటే పైన తన పేరు పూర్తిగా, గుండ్రంగా రాసింది. "నేను రోజూ చెబుతాను, వినరు. రాసినది వింటారు, ఆఫీసు మనిషి కదా" అంది. నవ్విందో లేదో చెప్పలేను.

ఆ పేరు పైన పడిందో లేదో, మధ్య ఖాళీ అంతా రెండు గంటల్లో నిండిపోయింది. ముందు వద్దన్నవాళ్లు పిలిచి మరీ పెట్టారు. నేను కాగితం ఒక చేత్తో పట్టుకుని, మరో చేతిలో కర్ర పట్టుకుని, నేరుగా పెద్దమ్మ ఇంటికి పరుగుతీశాను. ఆవిడకి చదువు రాదు, అయినా పైనుంచి కిందదాకా వేలుపెట్టి చూపిద్దామనుకున్నాను. ఇదిగో ఇక్కడ కుత్తా అని ఇంగ్లీషులో రాశాను పెద్దమ్మా, అని చెబుదామనుకున్నాను.

తలుపుకి తాళం వేసి ఉంది. ఎదుటి వాటా ఆవిడ బయటికొచ్చి, "మాతాజీ వెళ్లిపోయారు, నిన్ననే" అంది. కోడలికి సెలవు దొరకలేదట, చెయ్యి విరిగిన మనిషిని పగలంతా ఒంటరిగా ఉంచలేక, ఊరికి వెళ్తున్న ఎవరితోనో రైలెక్కించి కూతురి దగ్గరికి పంపేశారట. నిన్న సాయంత్రం. నేను అంగుళంలో పదోవంతులు కొలుచుకుంటూ తిరుగుతున్న సాయంత్రం.

వారం తిరక్కుండా పార్కు గేటుకి నోటీసు అంటించారు. సాహెబు కుక్కకి గొలుసు వచ్చింది. నా ముందు నుంచి నడుస్తూ ఒకరోజు "అబ్ ఠీక్ హై?" అన్నాడు, ఇప్పుడు సరేనా అని. వెటకారమో, మర్యాదో తెలియలేదు. ఠీక్ హై, అన్నాను. మావారి రిపోర్టు సంగతి అంటారా, బాగోలేకపోతేనే రాసి తెలియజేస్తారు. ఆ ఏడాది ఏమీ తెలియజేయలేదు. నేను ఏ రిపోర్టుకి భయపడి పెద్దమ్మ కర్ర లాక్కున్నానో, అందులో మా గురించి ఒక్క చెడ్డమాట కూడా లేదు. తెలియజేసే గడువు దాటినరోజు మావారు జిలేబీ తెచ్చారు, నాకు మింగుడుపడలేదు.

చాపలు మళ్లీ పార్కు మధ్యకి వచ్చాయి. ఆడవాళ్లంతా నన్ను పిలిచి మధ్యలో కూర్చోబెట్టుకున్నారు, షాబాష్ అన్నారు, అల్లిక నేర్పుతామన్నారు. నాలుగు రోజులు వెళ్లాను. ఎప్పటిలాగే వాళ్లు నవ్విన ఒక క్షణానికి నవ్వాను. ఐదోరోజు బెంచీ దగ్గరికి వెళ్లిపోయాను. కాళ్ల దగ్గర నేరేడు ఆకులు ఉన్నాయి. ఒకటి తీసి గోరుతో అంచు గిల్లబోతే అడ్డదిడ్డంగా చిరిగింది.

ఆ ఫిబ్రవరి చివర్లోనే పెద్దమ్మ కొడుకు దగ్గర నెంబరు తీసుకున్నాను. కూతురి ఇంటి పక్క కొట్టు నెంబరు, పిలిస్తే వస్తారు. ఒక ఆదివారం పొద్దున ఎస్టీడీ బూత్‌కి వెళ్లి ఫోను చేశాను. చాలాసేపటికి అటు చెప్పుల చప్పుడు, రొప్పు వినిపించాయి.

"ఎవలు?"

"నేను పెద్దమ్మా. ఢిల్లీ నుంచి."

"నువ్వా! పాణం మంచిగున్నదా? పిల్ల మంచిగున్నదా?"

క్షమించమని అడగడానికి వారం రోజులు మాటలు కూడబెట్టుకున్నాను. ఆవిడ అడగనివ్వలేదు.

"కుత్తాను కట్టేసిన్రా?"

"కట్టేశారు."

"ఎవలు జెప్పిన్రు?"

"నేనే చెప్పాను పెద్దమ్మా. కుత్తా అని చెప్పాను. కాగితం మీద కూడా రాశాను."

అటువైపు నవ్వు వినిపించింది. అదే నవ్వు, 'అండీ ఏంది బిడ్డా' అన్ననాటిది. కట్టు విప్పారట, ఆకు గిల్లడం మాత్రం ఇంకా చాతకావడం లేదట. "మరి పొద్దుగాల ఎవలతోని ముచ్చట వెడ్తున్నవ్?" అంది.

"ఎవరితోనూ లేదు పెద్దమ్మా."

లైనులో గరగర. నేనే మళ్లీ మాట్లాడాను. "మీ కర్ర నా దగ్గరే ఉండిపోయింది. మీ వైపు ఎవరైనా వెళ్తుంటే ఇచ్చి పంపిస్తాను."

"అద్దు బిడ్డా. నీ తాననే ఉండనియ్యి" అంది. ఆ తర్వాత, చిన్నపిల్లకి జాగ్రత్త చెబుతున్నట్టు మెల్లగా అంది. "ఈసారి ఎవలడిగినా ఇయ్యకు."

ఇవ్వను పెద్దమ్మా, అన్నాను.